స్పంజికలోని ఔషధ నిర్మాతలు ఎవరు?

సముద్రపు అడుగున రాతిని అంటిపెట్టుకొని జీవించే స్పంజికకు కాళ్ళు లేవు, కోరలు లేవు, గట్టి పెంకు లేదు. శత్రువు సమీపిస్తే పారిపోనూ లేదు. అయినా చాలా చేపలు దాని జోలికి పోవు. శరీరంలోని ఘాటైన రసాయనాలే దానికి రక్షణ కవచం. వాటిలో కొన్ని మానవులకు ప్రాణదాతలయ్యాయి.

1945లో ఫ్లారిడా తీరంలో వెర్నర్ బెర్గ్‌మన్ సేకరించిన ఒక స్పంజికలో అసాధారణమైన న్యూక్లియోసైడ్లు లభించాయి. వాటిలో రైబోజ్‌కు బదులు అరబినోజ్ అనే చక్కెర ఉంది. ఈ ఆధారంతో రూపొందిన సైటరబీన్, కాన్సర్ కణాలలో డి.ఎన్.ఏ. నిర్మాణాన్ని అడ్డుకుంటుంది. 1969లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందును రక్త కాన్సర్ చికిత్సలో నేటికీ వాడుతున్నారు.

అయితే స్పంజికల నుండి నేరుగా మందు తీయడం సులభం కాదు. 1980లలో జపాన్ శాస్త్రజ్ఞులకు 600 కిలోల స్పంజికల నుండి దక్కిన హాలికాండ్రిన్-బి కేవలం 12.5 మిల్లీగ్రాములు! 1992లో హార్వర్డ్‌లో యొషితో కిషి బృందం దానిని కృత్రిమంగా నిర్మించింది. ఆ కృషి ఫలితమే 2010లో రొమ్ము కాన్సర్‌కు అనుమతి పొందిన ఎరిబులిన్. కాని దాని తయారీకి అరవైకి పైగా రసాయన చర్యలు అవసరం.

ఇంత జటిలమైన పనిని సముద్రంలో ఎవరు చేస్తున్నారు? స్పంజిక నిరంతరం నీటిని వడపోసి ఆహారం సంపాదిస్తుంది. దాని కణజాలంలో అసంఖ్యాకమైన బాక్టీరియాలు కాపురముంటాయి. కొన్ని జాతులలో శరీరం బరువులో మూడో వంతుకు పైగా అవే. థియొనెల్లా స్వైన్‌హోయి అనే స్పంజికను పరిశీలించిన యోర్న్ పీల్ బృందం, దాని రసాయనాలలో అనేకం ఎంటోథియొనెల్లా అనే బాక్టీరియా సృష్టేనని 2014లో ప్రకటించింది. ఆ బాక్టీరియా ఎంజైములు చిన్న చిన్న అణుభాగాలను పూసలవలె ఒకదాని వెంట ఒకటి గుచ్చి క్లిష్టమైన అణువులను నిర్మిస్తాయి.

అంతమాత్రాన కీర్తి అంతా అద్దెకున్నవారిదే కాదు. టెర్పీన్ల తరగతికి చెందిన కొన్ని రసాయనాలకు కావలసిన జన్యువులు స్పంజికలోనే ఉన్నాయని 2023లో తేలింది.

నిర్మాత ఎవరో తెలియడం వలన ప్రయోజనమేమి? ఆ జన్యువులను ప్రయోగశాలలో సులభంగా పెరిగే సూక్ష్మజీవులలో ప్రవేశపెట్టి, మందును అక్కడే తయారు చేయించే ప్రయత్నాలకు అదే తొలిమెట్టు. అవి ఫలిస్తే రోగికి ఔషధమూ అందుతుంది, సముద్రంలో స్పంజికా మిగులుతుంది.