సూర్యతీరము

వైశాఖమాసమున మధ్యాహ్నవేళ తలుపులు బిగించుకొని వట్టివేళ్ల తడికెలపై నీళ్లు చల్లుకొను మనకు, ఎండను వెదకికొని దూరదేశములకు పోవువారి సంగతి విన్నచో నవ్వు వచ్చుట సహజము. మాకును వచ్చినది. స్పెయినుదేశమున మాలగా నగరములో ఒక సంవత్సరము చదువుకొని వచ్చిన మా మేనకోడలు ఆ నవ్వును మాన్పినది. "అత్తయ్యా! శీతకాలమున మూడు నాలుగు గంటలకే ప్రొద్దు గ్రుంకు ఊళ్లవారు వారు. వారికి ఎండయే ఔషధము" అని చెప్పినది.

స్పెయినునకు దక్షిణమున మధ్యధరాసముద్రపు ఒడ్డుననున్న ఈ సీమకు 'కోస్తా దెల్ సోల్' అని పేరు, సూర్యతీరమని యర్థము. మాలగాలో ఏటికి దాదాపు 2,900 గంటలు ఎండ కాయును. ఉత్తరపుదిక్కున కొండలు గోడవలె నిలిచి చలిగాలిని అడ్డగించుటచేత, జనవరిలో సైతము పగటివేడి 17 డిగ్రీలకు దగ్గఱగా నుండును. వానలు విశేషముగా చలికాలముననే కురియును. వేసవిలో చినుకు అరుదు. చిత్రకారుడు పికాసో 1881లో జన్మించినది ఈ నగరముననే. సముద్రపుటిసుకలో పరుండువారి దుస్తులనుగూర్చి మేనకోడలు చెప్పలేదు, మేమును అడుగలేదు.

ఆమె చెప్పినవానిలో మాకు మిక్కిలి నచ్చినవి అచ్చటి యిండ్లు. నగరమునకు తూర్పున ఫ్రిహిలియానా అను కొండయూరు కలదు. గోడలన్నిటికి తెల్లని సున్నము. వీధులు మిక్కిలి యిఱుకగుటచే ఒకయింటి నీడ ఎదుటియింటిని కాపాడును. 1487 వఱకు ఈ సీమనేలిన మహమ్మదీయుల నాటి నిర్మాణపుతీరు అది. మధ్యాహ్నము అంగళ్లు పెక్కు మూసి సాయంకాలము మరల తెఱతురు. రాత్రిభోజనము తొమ్మిది గంటలు దాటిన పిమ్మటనే. చల్లబడగానే వృద్ధస్త్రీలు వాకిటిలో కుర్చీలు వేసికొని ఊరివార్తలు ముచ్చటింతురట. మన అరుగులు జ్ఞప్తికి రాకుండునా!

ఇంకొక బంధుత్వమును కలదు. చెఱకును ఈ తీరమునకు తెచ్చినవారు అరబ్బులు. మన 'శర్కర' వారినోట 'సుక్కర్' అయి, స్పెయినువారినోట 'అసూకర్' అయినది. ఆ ప్రక్కనే గ్రనాదా తీరమున ఆఖరి చక్కెరమిల్లు 2006లో మూతపడినను, ఫ్రిహిలియానాలో 'చెఱకుతేనె' యను నల్లని పాకము తయారుచేయు పాత కార్ఖానా నిలిచియున్నది. వంకాయచక్రములకు పిండి పట్టించి నూనెలో వేచి, పైన ఆ పాకము పోసి తిందురు. మేము ఇంట బెల్లపుపాకముతో చేసిచూచితిమి. మావారు మొదట మొగము చిట్లించి, పిదప మరి రెండు వడ్డింపుమనిరి.

ఇంత చక్కని సీమలో కాపురము మాత్రము కష్టమగుచున్నది. 1950 తరువాత జాలరిపల్లెలు హోటళ్లపట్టణములైనవి. ఇపుడు సామాన్యుల యిండ్లు సైతము యాత్రికుల బసలగుచున్నవి. మేనకోడలు అద్దెకున్న కట్టడములో, క్రిందియింట ముప్పదియేండ్లుగా నున్న వితంతువును ఖాళీ చేయుమనిరి. ఆమె వాకిటికుర్చీ తప్ప తక్కిన సామానులలో చాలవఱకు విడిచి, కొండదిక్కుననున్న కూతురియింటికి పోయినది. అద్దెల బాధచే 2024 జూన్ 29న మాలగా వీధులలో వేలకొలది పౌరులు ఊరేగిరి. నీటికిని కటకటయే. 2023లో వానలు లేక, ఆ తూర్పుసీమకు ఆధారమైన లా విన్యుయేలా జలాశయమున నీరు పదియవ వంతునకును దిగువకు పోయినది. మామిడి, అవకాడో తోటలవారు చెట్లను నఱికివేసిరి. స్నానపుతొట్లు గల హోటళ్లు మాత్రము నిండియేయుండెనని మేనకోడలు కోపముతో చెప్పినది.

పోదలచిన సోదరీమణులు జూలై, ఆగష్టు నెలలు మానుట మేలు. అప్పటి ఎండ మన యింటనే దొరకును. ఇల్లుగలవారు తామును నివసించుచు ఒక గది యిచ్చుచోట దిగినచో, పొరుగువారి కాపురమునకు హాని తక్కువ. మేనకోడలు మరల పోవుచు మమ్మును తోడు రమ్మనుచున్నది. మాఘమాసమైనచో వత్తుమని చెప్పియున్నాము.