ఇంటి వైరింగ్: తీగకు రక్షణ వేరు, ప్రాణానికి రక్షణ వేరు

గృహ యజమానులు, కొనుగోలుదారులు గమనించవలసిన అంశాలు
(ప్రత్యేక వ్యాసం)

ఇల్లు కట్టుకొనేవారు, కొనుగోలు చేసేవారు పునాదిని, గోడలను, నీటి వసతిని, దస్తావేజులను క్షుణ్ణంగా పరిశీలిస్తారు. గోడల లోపల దాగి ఉండే విద్యుత్ వైరింగ్ విషయంలో మాత్రం స్విచ్ వేస్తే దీపం వెలిగినదా లేదా అన్నంత వరకే చూస్తారు. దీపం వెలగడానికి ఫేజ్, న్యూట్రల్ అనే రెండు తీగలు చాలు. ప్రాణరక్షణకు అవసరమైనది మూడవదైన ఎర్త్ తీగ. అది లేకపోయినా దీపం వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. అందువలన ఈ లోపం తరచుగా ప్రమాదం జరిగిన తరువాతనే వెలుగులోనికి వస్తున్నది.

ఎంసీబీ ఒక్కటే చాలదు

మీటరు సమీపంలోని పెట్టెలో ఎంసీబీలు ఉన్నందున ఇల్లు సురక్షితమన్న అభిప్రాయం ప్రజలలో కలదు. ఇది పూర్తిగా సరికాదు. ఫ్యూజు గానీ, ఎంసీబీ గానీ ప్రధానంగా కాపాడేది తీగను. పరిమితికి మించి కరెంటు ప్రవహించి తీగ వేడెక్కి నిప్పు అంటుకోకుండా అవి సరఫరాను నిలిపివేస్తాయి. తడి చేతితో 230 వోల్టుల ఫేజ్ తీగను తాకిన వ్యక్తి శరీర నిరోధం సుమారు 1,000 ఓములు అనుకుంటే, అతని గుండా ప్రవహించే కరెంటు 0.23 ఆంపియర్లు. గుండె లయ తప్పి ప్రాణం పోవడానికి అది చాలును. 16 ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం అది 50 వాట్ల బల్బు వెలిగినట్లే కనుక సరఫరా ఆగదు.

ఈ లోటును పూరించేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో అంతే పరిమాణంలో తిరిగి వస్తున్నదో లేదో ఇది నిరంతరం పోల్చి చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల స్థాయిలో కరెంటు దారి తప్పి భూమిలోనికి పోయినా, 0.3 సెకను లోపుననే సరఫరాను తొలగిస్తుంది. విద్యుత్ చట్టం, 2003 కింద 2010లో జారీ అయిన భద్రతా నిబంధనలు, వాటి స్థానంలో 2023లో అమలులోనికి వచ్చిన నిబంధనలు నిర్ణీత లోడుకు మించిన సర్వీసులకు ఇటువంటి రక్షణను తప్పనిసరి చేశాయి. అయితే ఒకే వ్యక్తి ఫేజ్‌ను, న్యూట్రల్‌ను ఒకేసారి తాకినప్పుడు ఆర్‌సీసీబీ ఆదుకోలేకపోవచ్చు. దానిపై ఉండే టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కి పనితీరు చూసుకోవాలి. తరచూ పడిపోతున్నదన్న కారణంతో దానిని తప్పించి తీగలు కలపడం ప్రాణాపాయం. అది పడిపోతున్నదంటే ఎక్కడో కరెంటు లీకవుతున్నదని గ్రహించి, ఆ లోపాన్ని వెదికించాలి.

ఎర్తింగ్‌లో జరిగే పొరపాట్లు

గీజరు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇనుప కూలరు వంటి లోహపు పరికరాలలో లీకైన కరెంటును భూమిలోనికి మళ్ళించేది ఎర్తింగ్. మూడు పిన్నుల ప్లగ్గులో పొడవైన పిన్ను ఇందుకోసమే ఉద్దేశించినది. దానిని విరిచి రెండు పిన్నుల సాకెట్‌లో వాడరాదు. సాకెట్‌లో ఎర్త్‌ను న్యూట్రల్‌తో కలపడం మరింత ప్రమాదకరం. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన పక్షంలో పరికరం పైభాగమంతా 230 వోల్టులకు చేరుతుంది. రాతి నేలలలోను, వేసవిలో ఎండిపోయే నేలలలోను ఎర్త్ నిరోధం పెరుగుతుంది కనుక ఎర్త్ పిట్‌కు నీరు పోస్తూ, అప్పుడప్పుడు నిరోధాన్ని కొలిపించాలి.

వేసవిలో కూలర్లు, వానాకాలంలో బట్టలు ఆరవేసే ఇనుప దండేలు ప్రమాదాలకు కారణమవుతున్నాయి. పైపొర చెడిన సర్వీసు వైరు తగిలితే దండెం అంతటా విద్యుత్ ప్రవహిస్తుంది. దండేనికి నైలాన్ తాడు వాడటం శ్రేయస్కరం. కూలరులో నీరు పోసే ముందు ప్లగ్గు తీసివేయాలి.

తీగ మందం, లోడు

సాధారణంగా దీపాలు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను, 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5 లేదా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను వాడతారు. 3 కిలోవాట్ల గీజరు సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. దానికి, ఏసీకి విడివిడిగా సర్క్యూట్లు ఉండాలి. దీపాల కోసం వేసిన పాత వైరింగ్‌పై ఏసీ పెట్టడం, ఫ్యూజులో తగిన తీగకు బదులు లావు రాగి తీగ చుట్టడం అగ్నిప్రమాదాలకు దారితీస్తాయి.

కొనుగోలుదారులు కోరవలసినవి

• పంపిణీ పెట్టెలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నదా? అది ఇల్లంతటికీ వర్తిస్తున్నదా?
• ఎర్త్ పిట్ ఎక్కడ ఉన్నది? ప్రతి సాకెట్‌కు ఎర్త్ తీగ చేరినదా?
• స్విచ్‌లు ఫేజ్ తీగపైనే ఉన్నవా? న్యూట్రల్‌పై ఉంటే స్విచ్ ఆపినా పరికరంలో విద్యుత్ ఉంటుంది.
• 500 వోల్టుల మెగ్గరుతో పరీక్షించినప్పుడు ఇన్సులేషన్ నిరోధం కనీసం 1 మెగా ఓము ఉన్నదా?
• లైసెన్సు గల కాంట్రాక్టరు ఇచ్చిన పని పూర్తి నివేదిక, వైరింగ్ పటము ఉన్నవా?
• బిల్లుపై గల కాంట్రాక్టెడ్ లోడు వాస్తవ వాడకానికి సరిపోతున్నదా?

స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, 2016 సెక్షన్ 14(3) ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుండి 5 సంవత్సరాల లోపు పనితనంలో, నాణ్యతలో లేదా సేవల కల్పనలో లోపాన్ని కొనుగోలుదారు తెలియజేస్తే, ప్రమోటరు అదనపు రుసుము లేకుండా 30 రోజులలో సరిచేయాలి. ఈ చట్టం వర్తించే గృహాలలో నాసిరకం వైరింగ్‌పై కూడా ఈ హక్కును వినియోగించుకోవచ్చును. కనుక లోపాన్ని లిఖితపూర్వకంగా తెలియజేసి నకలు భద్రపరచుకోవాలి.

ప్రమాదం సంభవించినప్పుడు

విద్యుదాఘాతానికి గురైన వ్యక్తిని నేరుగా తాకరాదు. ముందుగా మెయిన్ స్విచ్ ఆపాలి. ఇన్వర్టరు ఉంటే దానిని కూడా ఆపాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టరు తీగలలో విద్యుత్ ఉంటుంది. వెంటనే 108కు, సరఫరా లోపాలపై 1912కు ఫోను చేయాలి.

విద్యుత్ చట్టం సెక్షన్ 161 విద్యుత్ ప్రమాదాల సమాచారమివ్వడానికి, వాటిపై విచారణకు అవకాశం కల్పిస్తున్నది. ఇటువంటి ఘటనలను “షార్ట్ సర్క్యూట్” అన్న ఒక్క మాటతో ముగించడం వలన అసలు కారణం మరుగున పడుతున్నది. ఆ ఇంట ఎర్తింగ్ ఉన్నదా, ఆర్‌సీసీబీ ఉన్నదా, ఉంటే ఎందుకు పనిచేయలేదు అన్న మూడు ప్రశ్నలకు విచారణ అధికారులు నివేదికలలోను, పాత్రికేయులు వార్తలలోను సమాధానం చూపినట్లయితే, చదివిన ప్రతి కుటుంబమూ తమ ఇంటిని ఒకసారి పరిశీలించుకొనే అవకాశం కలుగుతుంది.