నెమ్మదిగా వెళ్లి గమ్యం చేరిన పడవ – సుహైలీ

పడవ అనగానే మనలో చాలామందికి చేపల వేటకు వెళ్లే మరబోటు గుర్తుకొస్తుంది. ఇంజన్ బలాన్ని నమ్ముకోకుండా, ఒకే ఒక్క మనిషి, ఎక్కడా ఆగకుండా, తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టి రాగలడా? రాగలడని మొదటిసారి 1969లో రుజువైంది. ఆ పడవ పేరు సుహైలీ. నడిపినవాడు ఇంగ్లండు నావికుడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. పడవ మాత్రం మన బొంబాయిలో, మన దేశపు టేకు కర్రతో, మన వడ్రంగుల చేతుల్లో తయారైంది. దాని నిర్మాణంలోని రహస్యాన్ని ఈ వ్యాసంలో మీతో పంచుకుంటున్నాము.

పడవ రూపం

సుహైలీ పొడవు సుమారు 32 అడుగులు, వెడల్పు 11 అడుగులు. ఇంతే! ఈ నమూనాకు మూలం నార్వే దేశంలో ఉంది. 19వ శతాబ్దం చివర కాలిన్ ఆర్చర్ అనే నిపుణుడు తుఫానులో చిక్కుకున్న జాలర్లను కాపాడే పడవలను రూపొందించాడు. అందరూ ఒడ్డుకు వచ్చే వేళ సముద్రంలోకి వెళ్లవలసిన పడవలవి. అమెరికాకు చెందిన విలియం ఆట్కిన్ 1920లలో వాటిని ఆధారం చేసుకొని ఒక చిన్న పడవకు నక్షా గీశాడు. దాని ప్రకారమే సుహైలీని కట్టారు.

ఇందులో మూడు విశేషాలున్నాయి. మొదటిది, పడవ వెనక కొస కూడా ముందు కొసలాగే మొనదేలి ఉంటుంది. వెనుక నుంచి తరుముకొచ్చే పెద్ద అల దానికి తగిలి రెండుగా చీలిపోతుంది. రెండవది, అడుగున ముందు నుంచి వెనక దాకా సాగే లోతైన దూలం. దీనినే కీల్ అంటారు. గాలి పడవను పక్కకు నెట్టినప్పుడు ఇది నీటిని అదిమిపట్టి దారి తప్పనివ్వదు. మూడవది, ఆ దూలం కింద బిగించిన రెండు టన్నులకు మించిన ఇనుప దిమ్మె.

ఇంత బరువు ఎందుకు? పాఠ్యపుస్తకంలో గరిమనాభి గురించి చదివాం కదా. బరువు ఎంత కిందికి ఉంటే వస్తువు అంత స్థిరంగా ఉంటుంది. పడదోసినా లేచి నిలబడే బొమ్మలో ఉన్నది ఈ సూత్రమే. 1968 సెప్టెంబరులో దక్షిణ సముద్రంలో ఒక పెద్ద అల సుహైలీని పక్కకు పడగొట్టింది. పైనున్న గది గోడలు చిట్లాయి. అయినా అడుగున ఉన్న ఇనుము పడవను మళ్లీ నిలబెట్టింది.

తెరచాపలు

సుహైలీకి రెండు కొయ్యలు. ముందున్నది పెద్దది, వెనకది చిన్నది. ఇటువంటి పడవను కెచ్ అంటారు. పెద్ద కొయ్యకు ప్రధాన తెరచాప, దాని ముందు రెండు త్రికోణపు చాపలు, చిన్న కొయ్యకు మరొక చాప ఉంటాయి. ఒకే పెద్ద చాప ఉంటే ఒంటరి మనిషికి దానిని లొంగదీయడం కష్టం. నాలుగు చిన్న చాపలైతే గాలి పెరిగిన కొద్దీ ఒక్కొక్కటి దించుకోవచ్చు, మడిచి కట్టి చిన్నది చేసుకోవచ్చు.

గాలికి సరిగ్గా ఎదురుగా ఏ తెరచాప పడవా పోలేదు. అందుకే కొంత కుడికి, కొంత ఎడమకు వంకరటింకరగా వెళ్లి గమ్యం చేరుతుంది. చాప గాలిలో ఉబ్బి పక్షి రెక్కలా వంగి ఉంటుంది. గాలి ఆ వంపు మీదుగా పోయేటప్పుడు పుట్టే బలాన్ని అడుగు దూలం ముందు నడకగా మార్చుతుంది. అంటే పైన చాప, కింద దూలం కలిసి పనిచేస్తేనే పడవ కదులుతుంది.

అసలు గొప్పతనం ఇక్కడే ఉంది. పడవను దానంతట అదే దారిలో నడిపించే పరికరం ఆస్ట్రేలియా ప్రాంతంలో పాడైపోయింది. మనిషి నిద్రపోవాలి కదా! వెనక చాపకు గాలి తగిలితే పడవ ముక్కు గాలి వైపు తిరుగుతుంది. ముందు చాపలకు తగిలితే ముక్కు గాలికి దూరంగా జరుగుతుంది. కావడి మోసేవాడు రెండు వైపుల కుండలను సరిచూసుకున్నట్టు ఈ రెంటినీ సరిచూస్తే చుక్కాని పట్టేవారు లేకున్నా పడవ తిన్నగా పోతుంది. మిగిలిన సముద్రంలో చాలా భాగం ఆయన ఇలాగే దాటాడు.

పందెంలో ఏమైంది?

1968లో ఇంగ్లండులో ఒక పత్రిక ఈ పందెం పెట్టింది. తొమ్మిది మంది బయలుదేరారు. సుహైలీ కంటే వేగంగా పోగల పడవలు అందులో ఉన్నాయి. కొన్ని తుఫానుల్లో దెబ్బతిన్నాయి, ఒకటి గమ్యం దగ్గరపడ్డాక మునిగిపోయింది, ఒక నావికుడు తనంతట తానే పందెం విడిచి వేరే దారి పట్టాడు. జూన్ 14, 1968న ఫాల్మత్ రేవు నుంచి బయలుదేరిన సుహైలీ ఒక్కటే 312 రోజుల తర్వాత, ఏప్రిల్ 22, 1969న తిరిగివచ్చింది. దాని సగటు వేగం గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు. మనం సైకిలు తొక్కితే దానిని దాటిపోగలం!

ఈ రకం పడవకు లోపాలు లేకపోలేదు. బరువెక్కువ, వేగం తక్కువ, త్వరగా మలుపు తిరగదు. ఆపద రాదనీ చెప్పలేము. సుహైలీకి నకలుగా గోవాలో కట్టిన తురియా పడవలో మన నౌకాదళ అధికారి అభిలాష్ టామీ 2018 పందెంలో పాల్గొన్నారు. హిందూ మహాసముద్రపు తుఫానులో పడవ దొర్లి కొయ్య విరిగింది, ఆయన వెన్నెముకకు గాయమైంది. కోలుకొని, మరో పడవలో 2022లో మళ్లీ అదే పందేనికి వెళ్లి 2023లో రెండవ స్థానంలో నిలిచారు.

నాక్స్-జాన్‌స్టన్‌కు 1995లో సర్ బిరుదు వచ్చింది. అది న్యాయమే. కాని బాడిసతో కర్ర చెక్కి, చేతి బర్మాతో రంధ్రాలు వేసి, పలకల సందుల్లో నూలు కూరిన బొంబాయి పనివాళ్లకూ ఆ కీర్తిలో వాటా ఉందని మేము భావిస్తున్నాము. మన తండ్రులలో, తాతలలో ఆ పనిముట్లు పట్టినవారున్నారు. ఫారంలో తండ్రి వృత్తి అన్న చోట ‘వడ్రంగి’ అనో ‘కూలి’ అనో రాసేటప్పుడు మన కలం తడబడనవసరం లేదు. అటువంటి చేతులు కట్టిన పడవే ప్రపంచాన్ని చుట్టి వచ్చింది.