తెల్లమచ్చ తెగులు: తూము ఎత్తే ముందు

చెరువులో రొయ్య మేతకు రాదు. చెక్ ట్రేలో వేసిన మేత వేసినట్లే మిగిలి ఉంటుంది. తెల్లవారి గట్టు మీద నడిచి చూస్తే కొన్ని రొయ్యలు అంచు వెంబడి నీరసంగా ఈదుతూ, చేయి పెట్టినా తప్పుకొనక, మరికొన్ని చచ్చి కనబడతాయి. కొన్నింటి ఒళ్ళు ఎర్రబారి ఉంటుంది. తల మీది చిప్పను ఒలిచి వెలుతురుకు ఎత్తి పట్టితే సూదిమొన మొదలు ఆవగింజంత వరకు తెల్లని మచ్చలు కానవస్తాయి. ఇది తెల్లమచ్చ తెగులు. ఇది పట్టిన చెరువు మూడు నుండి పది రోజులలో పూర్తిగా ఖాళీ కావచ్చును.

ఇట్టి సమయంలో రైతుకు మొట్టమొదట తోచే పని తూము ఎత్తి నీరు మురుగుకాలువకు వదలివేయడం. పంట ఎలాగూ పోయినది, చెరువయినా త్వరగా ఖాళీ అయితే మరల పిల్ల వేసుకోవచ్చునని ఆశ. ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచినది ఆ తూము సంగతే.

ఈ తెగులు తూర్పు ఆసియా దేశాలలో 1992 ప్రాంతంలో బయటపడి, 1994 చివరినాటికి మన తూర్పు కోస్తాకు చేరినది. అప్పుడు మన రైతులు పెంచుతూ ఉండినది టైగర్ రొయ్య. నెల్లూరు జిల్లాలో కండలేరు క్రీకు వెంట చెరువులు గట్టుకు గట్టు ఆనుకొని ఉండేవి. ఒకరు నీరు తోడినది ఆ క్రీకు నుండే, మరొకరు మురుగు వదలినదీ ఆ క్రీకులోనికే. ఒక చెరువులో చచ్చిన రొయ్యల నీరు పోటు వచ్చేసరికి పది మంది ఇంజన్ల నోటికి చేరుతుంది. అట్టి చోట తెగులు పాకడానికి వేరే కారణం వెదకనక్కరలేదు.

దీనికి మూలం వైరస్ అనే అతి సూక్ష్మమైన క్రిమి. మందులతో చంపగల బాక్టీరియా వంటిది కాదు. రొయ్యకు మన వలె ఒకసారి వచ్చిన రోగాన్ని గుర్తుంచుకొని ఎదిరించే శక్తి లేదు. కనుక పశువులకు వేసినట్లు టీకా వేసి ఊరుకొనే వీలు ఇక్కడ కలుగలేదు. చెరువులో తెగులు కనిపించిన తరువాత దానిని కుదిర్చే మందు ఏదీ లేదు. ఉన్నదని డబ్బా పట్టుకొని గట్టు మీదికి వచ్చేవారు మాత్రం ప్రతి సీజనులోను ఉంటారు. ఆ డబ్బాలో యాంటిబయాటిక్ ఉంటే నష్టం రెండింతలు: వైరస్ మీద అది పనిచేయదు, మిగిలిన సరుకులో దాని అవశేషాలు బయటపడితే ఎగుమతికి పనికిరాదు. నిషేధించిన మందులు వాడడం నేరం కూడా.

కుదర్చలేని తెగులును రానీయకుండా చూడవలెను. అది వచ్చే దారులు మూడు: పిల్ల ద్వారా, నీటి ద్వారా, పీతలు మొదలైన జీవుల ద్వారా.

పిల్ల సంగతి మొదట. 2009లో వనామి రొయ్యను పెంచడానికి మన దేశంలో అనుమతి లభించినది. దాని తల్లి రొయ్యలు విదేశాల నుండి వచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్ష జరిగిన తరువాతనే హేచరీలకు చేరతాయి. వీటిని ఎస్.పి.ఎఫ్. అంటారు. ఈ మాటను చాలామంది రైతులు తప్పుగా అర్థం చేసుకొన్నారు. ఎస్.పి.ఎఫ్. అనగా ఆ తల్లి రొయ్యలో ఫలానా రోగాలు లేవని పరీక్షించి తేల్చినదని మాత్రమే అర్థం. దాని పిల్లకు ఆ రోగాలు రావని కాదు. మంచి విత్తనం తెచ్చి చీడ ఉన్న పొలంలో చల్లినట్లే, శుభ్రమైన పిల్లను మురికి చెరువులో వదిలితే వారాలలో తెగులు పట్టుతుంది. అందుచేత అనుమతి ఉన్న హేచరీ నుండే పిల్ల కొనండి. ఒక ట్యాంకు నుండి కనీసం 150 పిల్లలను తీయించి పి.సి.ఆర్. పరీక్ష చేయించండి. బేరం కుదిరి, బండి బయలుదేరిన తరువాత చేయించే పరీక్షకు అర్థం లేదు.

ఇక చెరువు. పట్టుబడి అయిన పిమ్మట అడుగు బీటలు వారే వరకు, కాలు వేస్తే దిగబడనంత వరకు, మూడు వారాలకు తగ్గకుండా ఎండనివ్వండి. నల్లని బురద తీసి గట్టుకు దూరంగా వేయండి. గట్లలో పీత బొరియలు పూడ్చండి. పీత ఈ వైరస్‌ను మోస్తూ తాను చావక తిరిగే జీవి. చెరువు చుట్టూ పీతలు ఎక్కలేని కంచె, పైన కొంగలకు, నీటికాకులకు అడ్డుగా తాళ్ళు కట్టండి. పక్షి ఒక చెరువులో చచ్చిన రొయ్యను ముక్కున కరచుకొని మరొక చెరువులో జారవిడవడం మీరు చూసే ఉంటారు.

నీటిని సన్నని వల సంచుల గుండా వడగట్టి పెట్టండి. తరువాత బ్లీచింగ్ పౌడరు చల్లండి. మోతాదు 60 పి.పి.ఎం., అనగా ఎకరం చెరువులో మీటరు లోతు నీటికి సుమారు 240 కిలోలు. ఇది చూసి చాలామంది బెదిరి, రెండు బస్తాలు చల్లి చేయవలసినది చేశామని తృప్తిపడతారు. అరకొర మోతాదు వలన డబ్బు పోవడమే గాని పని జరగదు. సాయంకాలం చల్లండి, ఎండకు క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది. అదే రోజున సున్నం చల్లకండి. సున్నం క్లోరిన్ బలాన్ని తగ్గిస్తుంది. క్లోరిన్ పూర్తిగా పోయినదని పరీక్షించిన తరువాతనే పిల్ల వదలవలెను.

చలికాలపు పంటకు ఈ తెగులు భయం హెచ్చు. నీరు చల్లబడి, రాత్రికి పగటికి వేడి తేడా ఎక్కువైనప్పుడు రొయ్య బలహీనపడుతుంది, వైరస్ విజృంభిస్తుంది. ధర బాగున్నదని నవంబరు నుండి జనవరి వరకు చెరువు నిండా పిల్ల పోసేవారు ఈ సంగతి తెలిసి పోయవలెను.

ఇన్ని చేసినా తెగులు రావచ్చును. అప్పుడు ఏమి చేయవలెను? ముందు రొయ్యను పరీక్షకు పంపండి. నీటిలో ఖనిజ లవణాలు ఎక్కువైనా, కొన్ని బాక్టీరియాల వలన కూడా చిప్ప మీద తెల్లమచ్చలు వస్తాయి. తొందరపడి మంచి పంటను పట్టివేసుకొన్నవారు లేకపోలేదు. తెల్లమచ్చ అని తేలితే నీటి మార్పిడి ఆపివేయండి. ఆ చెరువులో వాడిన వలలు, బకెట్లు మరొక చెరువుకు తీసుకొనిపోకండి. కూలివారు కాళ్ళు, చేతులు కడుగుకొనిగాని పక్క గట్టు ఎక్కరాదు. అమ్ముడుపోయే సైజు ఉంటే నీరు వదలకుండా వలతో పట్టుబడి చేయండి. ఈ వైరస్ మనుషులకు హాని చేయదు, సరుకు తినడానికి పనికివస్తుంది. తలలు ఒలిచినచోట వాటిని, కడిగిన నీటిని కాలువలో పోయరాదు. చచ్చిన రొయ్యలను నీటికి దూరంగా సున్నం వేసి పూడ్చండి.

తూము మాత్రం ఎత్తకండి. మిగిలిన నీటికి పైన చెప్పిన మోతాదుకు తగ్గకుండా బ్లీచింగ్ వేసి, కనీసం వారం రోజులు నిలవ ఉంచి, ఆ పిమ్మటనే వదలండి. వదిలే ముందు పక్క చెరువుల వారికి రోజు, వేళ చెప్పండి. ఆ పూట వారు ఇంజను వేయకుండా ఉంటారు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, దానిని దాచడం మంచిది కాదు. పంట పోయి, మేత కొట్టులో బాకీ నిలిచి, లీజు సొమ్ము నెత్తిన ఉన్న రైతును వందల కిలోల బ్లీచింగ్ కొనమంటే ఎక్కడ నుండి కొంటాడు? అందుకే చీకటిలో తూము లేస్తుంది. పక్క చెరువు అతనికి అన్నదో బావదో అయినా లేస్తుంది. దీనికి తిట్లు మందు కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో 2002లో కొద్దిమంది రైతులు కలిసి, ఒకే సమయంలో పిల్ల వేయడం, పరీక్షించిన పిల్లనే కలిసి కొనడం, తెగులు వస్తే దాచక చెప్పుకోవడం మొదలుపెట్టినారు. ఈ పద్ధతి 2006 నాటికి అయిదు రాష్ట్రాలలో వందలాది రైతులకు పాకినది. మీ కాలువ మీది రైతులు కూడా అట్టి సంఘంగా చేరి, పిల్ల వేసే నాడే ఎకరానికి ఇంత అని వసూలు చేసి, తెగులు వచ్చిన చెరువుకు బ్లీచింగ్ కొనే నిధిగా ఉంచవచ్చును. గ్రామోద్యోగులు, మత్స్యసహాయకులు ఈ వసూలుకు పెద్దరికం వహిస్తే బాగుంటుంది. ఎవరి చెరువులో తెగులు వచ్చినదో చెప్పిన రైతును తప్పుపట్టకుండా చూడవలసినదీ వారే.

తెగులు వచ్చిన చెరువును మరల ఎండబెట్టి, బురద తీసి, గట్లు సరిచేసిన తరువాతనే రెండవ పంటకు నీరు పెట్టండి. ఈలోగా పక్క చెరువులలో పట్టుబడి అయితే, అందరూ ఒకేసారి పిల్ల వేసే తేదీని సంఘంలో కూర్చొని నిర్ణయించుకోండి.