నెలసరి ప్యాడ్: పారేసేదా? ఉతికి వాడేదా? మీ అమ్మాయికి ఏది వీలు?

నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో హాస్టల్‌లో ఉండి చదువుకునే అమ్మాయి నెలసరికి ఏం వాడాలి? ధర ఒక్కటే చూసి తేల్చే విషయం కాదిది. బాత్రూంలో నీళ్లు, తలుపుకు గడియ, ఉతికింది ఆరేసుకునే చోటు ఉన్నాయా అన్నది ముందు చూడాలి.

ఖర్చు ఎంత?
రోజుకు 4 చొప్పున 5 రోజులకు 20 ప్యాడ్లు. ఒక్కోటి 6 రూపాయలనుకుంటే ఏడాదికి రూ.1,440. జన ఔషధి కేంద్రాల్లో ‘సువిధ’ ప్యాడ్ ధరను 2019 ఆగస్టులో రూపాయికి తగ్గించారు. ఆ లెక్కన ఏడాదికి రూ.240 చాలు. శానిటరీ ప్యాడ్లపై 2018 జులైలోనే జీఎస్టీ ఎత్తేశారు.

గుడ్డ వాడితే తప్పా?
కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-24 ఏళ్ల వారిలో సగం మంది గుడ్డ వాడుతున్నారు. ఇబ్బంది గుడ్డతో కాదు, సిగ్గుపడి తడిగానే మంచం కింద దాచడంతో. సబ్బుతో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. అందుకు నీళ్లు కావాలి. పాలమూరు, నల్లగొండలకు నీటి కరవు కొత్త కాదు. ఊరికి భగీరథ నల్లా వచ్చినా, హాస్టల్ బాత్రూం దాకా నీళ్లు అందుతున్నాయో లేదో అడిగి తెలుసుకోండి. నీళ్లు చాలని చోట పారేసే ప్యాడే నయం.

కప్పు సంగతేంటి?
సిలికాన్ కప్పు ఒకటి కొంటే 10 ఏళ్ల వరకూ వాడొచ్చు. 12 గంటలు దాటకుండా తీసి కడగాలి. ప్రతి నెలసరికీ ముందు, తర్వాత నీళ్లలో మరిగించాలి. అలవాటయ్యేందుకు రెండు మూడు నెలలు పట్టొచ్చు. ‘కన్యత్వం పోతుంది’ అన్నది అపోహ. అయితే ఇష్టం లేని అమ్మాయిని బలవంతపెట్టొద్దు.

వాడిన ప్యాడ్ ఎక్కడ వేయాలి?
టాయిలెట్‌లో వేస్తే పైపు మూసుకుపోతుంది. చాలా ప్యాడ్లలో ప్లాస్టిక్ ఉంటుంది, కాలిస్తే విషపు పొగ వస్తుంది. కాగితంలో చుట్టి, విడిగా చెత్త బండికి ఇవ్వండి.

గుర్తుంచుకోండి
ఒక్కటే ఎంచుకోవాలని లేదు. ఇంట్లో గుడ్డ ప్యాడ్, కాలేజీకి పారేసే ప్యాడ్ వాడుకోవచ్చు. ఏది వాడినా 4-6 గంటలకోసారి మార్చాలి, కప్పుకు మాత్రం గరిష్ఠంగా 12 గంటలు. దురద, దుర్వాసన, జ్వరం ఉంటే డాక్టర్‌కు చూపించండి. ఈసారి హాస్టల్‌కు వెళ్లినప్పుడు అన్నం ఎలా ఉందనే కాదు, బాత్రూంలో నీళ్లు, గడియ, మూత ఉన్న చెత్తబుట్ట ఉన్నాయా అనీ వార్డెన్‌ను అడగండి.