గోడ మీద పన్నెండు మీటలు

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వెళ్ళిన అమ్మానాన్నలకు అక్కడి ఇంటి అలారంతో తొలి పరిచయం చాలాసార్లు తెల్లవారుజామునే అవుతుంది. పగలూ రాత్రీ తారుమారై మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. కాస్త గాలి పీల్చుకుందామని పెరటి తలుపు తీస్తాం. నాకూ అదే జరిగింది. గోడమీది కీప్యాడ్ ముందు కుయ్‌కుయ్‌మంది. అదేమిటో తెలిసేలోపు సైరన్ అందుకుంది. మా అల్లుడు పరుగున మెట్లు దిగి వచ్చి నాలుగంకెలు నొక్కాడు. మర్నాడు ఆ పెట్టె ముందు నిలబడి అతనితో అంతా చెప్పించుకున్నాను.

తలుపు చట్రంలో చిన్న గాజుగొట్టం, అందులో రెండు సన్నని లోహపు రేకులు ఉంటాయి. తలుపుకి అయస్కాంతం ఉంటుంది. తలుపు మూసి ఉన్నంతసేపూ ఆ అయస్కాంతం రేకులను కలిపి ఉంచుతుంది, తీయగానే అవి విడిపోతాయి. ఈ రీడ్ స్విచ్‌ని 1936లో బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ రూపొందించాడు. తీగల అలారంలో కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉంటుంది కనుక దొంగ తీగ కత్తిరించినా తలుపు తీసినట్టే లెక్క. హాలు మూలన ఉండే మోషన్ సెన్సర్ పని వేరు. మన ఒంటినుంచి వెలువడే, సుమారు 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కిరణాలు గదిలో ఒకచోటినుంచి మరోచోటికి కదిలితే అది పట్టుకుంటుంది. వచ్చింది దొంగో ఇంటాయనో దానికి తెలియదు.

అందుకే కీప్యాడ్‌మీద రెండు మీటలు. ‘అవే’ నొక్కితే అన్ని సెన్సర్లూ కాపలా కాస్తాయి. ‘స్టే’ నొక్కితే లోపలి మోషన్ సెన్సర్లను వదిలేసి తలుపులను, కిటికీలను మాత్రమే చూస్తుంది. ఆ రాత్రి ‘స్టే’ పెట్టి ఉంది. మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళినప్పుడు ఊరుకున్న యంత్రం తలుపు తీయగానే మేల్కొన్నది అందుకే.

మరి పోలీసులు ఎందుకు రాలేదు? తప్పుడు అలారాలు తగ్గించడానికి అమెరికాలో సీపీ-01 అనే ప్రమాణం ఉంది. లోపలికి వచ్చినవారు కోడ్ నొక్కడానికి కనీసం 30 సెకన్లు ఇవ్వాలి. ఆ కుయ్‌కుయ్ ఆ గడువే. సైరన్ మొదలయ్యాక కూడా మరికొన్ని సెకన్లు కబురు బయటికి, అంటే అలారాలను గమనించి పోలీసులను పిలిచే మానిటరింగ్ సెంటర్‌కి, వెళ్ళకుండా ఆగుతుంది. మా అల్లుడు కోడ్ కొట్టింది ఆ సందులోనే.

అత్యవసర మీటలకు ఈ నిదానం ఉండదు. మంట బొమ్మ, వైద్యం గుర్తు, పోలీసు గుర్తు ఉన్న మూడు మీటలు అలారం ఆన్‌లో లేకపోయినా, కోడ్ లేకుండానే పనిచేస్తాయి. పొరపాటున చెయ్యి తగిలి మోగకుండా సుమారు రెండు సెకన్లు అదిమి పట్టుకోవాలి. కొన్ని మోడళ్ళలో రెండు మీటలు కలిపి నొక్కాలి. కబురు సెంటర్‌కి అంకెల్లో వెళుతుంది. కాంటాక్ట్ ఐడీ అనే ఆ భాషలో 100 అంటే వైద్యం, 110 అగ్నిప్రమాదం, 120 ఆపద, 130 దొంగతనం.

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది 121. కత్తి చూపి ‘అలారం ఆపు’ అని ఎవడైనా బెదిరిస్తే, మామూలు కోడ్‌కి బదులు ముందే పెట్టుకున్న మరో కోడ్ నొక్కాలి. పచ్చదీపం వెలుగుతుంది, అంతా ఆగినట్టే కనిపిస్తుంది. లోలోపల మాత్రం 121 వెళ్ళిపోతుంది. పక్కనున్నవాడికి అనుమానం రాకూడదు కనుక సాధారణంగా సెంటర్‌వాళ్ళు ఇంటికి ఫోన్ చేయరు. ఈ కోడ్ అసలు కోడ్‌కి ఒక్క అంకె తేడాలో ఉండకూడదు, తొందరలో తప్పు నొక్కితే పోలీసులు వచ్చేస్తారు.

ఇంట్లోంచే పోలీసులను పిలిచే మీట ఉండాలని ఆలోచించినవాళ్ళలో ఒక నర్సు కూడా ఉంది. న్యూయార్క్‌లో క్వీన్స్‌కి చెందిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్, భర్త ఆల్బర్ట్‌తో కలిసి 1966లో దరఖాస్తు చేసిన ఇంటి భద్రతా వ్యవస్థకు 1969లో పేటెంట్ వచ్చింది. కెమెరాతోపాటు అందులో ఆ మీట కూడా ఉంది.

పిల్లలు ఆఫీసుకి వెళ్ళాక పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇళ్ళలో వైద్యం మీట గురించి చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. నెలనెలా కట్టే మానిటరింగ్ లేకపోతే అది సైరన్ మోగించి ఊరుకుంటుందని కూడా వాళ్ళకు తెలియాలి. మాట్లాడగలిగితే నేరుగా 911కి ఫోన్ చేయడమే మేలు. మంటలు లేస్తే కీప్యాడ్ దగ్గర నిలబడకుండా ముందు బయటపడాలి. అలారం మోగాక సెంటర్‌నుంచి ఇంగ్లీషులో ఫోన్ వస్తే వాళ్ళు అడిగే పాస్‌వర్డ్ కూడా కంఠతా రావాలి.

తిరిగి వచ్చే ముందు ఒక ఆదివారం మా అల్లుడు సెంటర్‌కి ఫోన్ చేసి, ఇది పరీక్ష అని చెప్పి లైన్లోనే ఉన్నాడు. మా ఆవిడ వైద్యం మీట నొక్కి వెంటనే వేలు తీసేసింది. ఏమీ కాలేదు. రెండోసారి ‘ఒకటి, రెండు, మూడు’ అని పైకే లెక్కపెడుతూ అదిమి పట్టుకుంది. ఫోన్లో అవతలి గొంతు, కబురు అందిందని చెప్పింది.