బాగుచేసిన ఆంప్లిఫైయరు మళ్ళీ ఎందుకు కాలింది?

ఆంప్లిఫైయరులో ఒక ట్రాన్సిస్టరు కాలిపోయింది. కొత్తది వేశారు. స్విచ్చి వేయగానే 'టప్'మని ఫ్యూజు పోయింది. కొత్త ట్రాన్సిస్టరు కూడా కాలిపోయింది! తప్పు ట్రాన్సిస్టరుదేనా? కాదు, చాలాసార్లు తప్పు రిపేరులోనే ఉంటుంది.

2ఎన్3055 అనే పవర్ ట్రాన్సిస్టరునే చూడండి. దాని లోహపు తొడుగే దాని కలెక్టరు. వేడి పోవటానికి దానిని అల్యూమినియం హీట్‌సింకుకు బిగిస్తారు. రెంటికీ మధ్య పల్చని అభ్రకపు రేకు ఉంచుతారు. అది వేడిని పోనిస్తుంది గాని విద్యుత్తును పోనివ్వదు. రిపేరులో ఆ రేకు చిరిగినా, తిరిగి పెట్టడం మరచినా కలెక్టరు నుంచి ఛాసిస్‌కు షార్టు ఏర్పడవచ్చు. మీటరు మొన జారి పక్కపక్క కాళ్ళను కలిపినా ప్రమాదమే.

ఇంకొక సంగతి. పెద్ద ట్రాన్సిస్టరు పోయినప్పుడు దానిని నడిపే చిన్న ట్రాన్సిస్టరు కూడా తరచు పోతుంది. దానిని అలాగే వదిలేస్తే ఎన్ని కొత్తవి వేసినా కాలుతూనే ఉంటాయి.

అందుకే అనుభవమున్న మెకానిక్కు ఆంప్లిఫైయరును సరాసరి కరెంటుకు తగిలించడు. స్పీకరు తీసేసి, 100 వాట్ల ఫిలమెంటు బల్బును శ్రేణిలో కలుపుతాడు. ఇందులోని కిటుకు మీ పాఠంలోదే. వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగిస్తే నిరోధం వస్తుంది. 230 × 230 ÷ 100 = 529 ఓములు. లోపల పూర్తి షార్టు ఉన్నా, వెలుగుతున్న ఈ బల్బు గుండా 230 ÷ 529, అంటే సుమారు 0.43 ఆంపియర్లే ప్రవహిస్తుంది. బల్బు ధగధగ వెలుగుతుంది. ట్రాన్సిస్టరు చాలావరకు బతికిపోతుంది.

షార్టు లేకపోతే? చల్లని ఫిలమెంటుకు పై నిరోధంలో పదోవంతు కూడా ఉండదు. కనుక ఆంప్లిఫైయరుకు కావలసిన కొద్ది విద్యుత్తు సులువుగా అందుతుంది. కెపాసిటర్లు నిండేటప్పుడు బల్బు ఒక్కసారి మెరిసి, వెంటనే మసకబారుతుంది. అది మంచి గుర్తు. మసకబారకపోతే ప్లగ్గు తీసి మళ్ళీ వెతకవలసిందే. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి రాదు. అందులో వేడెక్కే ఫిలమెంటు లేదు కదా!

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ బల్బు కాపాడేది ఆంప్లిఫైయరును, మిమ్మల్ని కాదు. మనిషి ప్రాణం తీయటానికి 0.43 ఆంపియరులో పదోవంతు చాలు. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. కాబట్టి పెట్టె మూత మీరు విప్పకండి. రిపేరు షాపుకు వెళ్ళినప్పుడు మాత్రం, "సిరీస్ బల్బు పెట్టి చూశారా?" అని అడగండి.

ఇక మీకో లెక్క: 60 వాట్ల బల్బు పెడితే, పూర్తి షార్టులో ఎన్ని ఆంపియర్లు ప్రవహిస్తుంది?